ఆక్సిజన్ వాడు వృద్ధులు నడవవచ్చునా? నలుగురిలో కూర్చుండవచ్చునా?

"ఆక్సిజన్ పెట్టినారు" అను మాట వినబడగానే మన ఇళ్ళలో బంధువులు ప్రయాణమై వచ్చెదరు. అది చివరి ఘడియలకు సంబంధించిన మాట అని మన భావన. ఇందుకు ఆ వాయువునకు తెలుగులో వాడుకలోనున్న "ప్రాణవాయువు" అను పేరు కూడ కొంత కారణము. శాస్త్రములో చెప్పబడిన ప్రాణవాయువు వేరు. అది శిరస్సు, ఉరస్సులందుండి శ్వాస, మింగుట మొదలగు క్రియలను నడుపు పంచవాయువులలో ఒకటి. సిలిండరులో నింపబడు ఆక్సిజన్ మనము పీల్చు గాలిలో సుమారు 21 శాతముగా నున్న ఒక పదార్థము. ముక్కునకు గొట్టము పెట్టినంత మాత్రమున ప్రాణము పోవుచున్నదని కాదు. ఊపిరితిత్తులు గాలినుండి తీసుకొనలేని భాగమును బయటినుండి అందించుచున్నామని మాత్రమే అర్థము.

2021 నాటి కరోనా రెండవ విజృంభణ తరువాత ఆక్సిజన్ యంత్రములు ఇళ్ళలోనికి, వృద్ధాశ్రమములలోనికి కూడ వచ్చినవి. యంత్రము వచ్చినది గాని, దానితో జీవించు విధానము రాలేదు. ఆ వృద్ధులు మంచమునకే పరిమితమగుచున్నారు. వారిని లేపుట, నడిపించుట, నలుగురితో కలుపుట ఎట్లో ఈ వ్యాసములో వివరించెదను.

మన ప్రాంతములో ఈ సమస్య ఎందుకు ఎక్కువ?

గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతములలో ఊపిరితిత్తులను క్షీణింపజేయు కారణములు పెక్కు కలవు. మార్కాపురం పలకలపై ఎన్నో తరముల పిల్లలు అక్షరములు దిద్దినారు. ఆ రాతిని తవ్వి, కోసి, నునుపుచేసినవారు మాత్రము సన్నని ధూళిని సంవత్సరముల తరబడి పీల్చినారు. అందులోని సిలికా ఊపిరితిత్తులలో నిలిచి వాటిని గట్టిపరచును. దీనినే సిలికోసిస్ అందురు. పని మానిన తరువాత కూడ ఈ వ్యాధి పెరుగవచ్చును. పేరుకొన్న ధూళిని తీసివేయు ఔషధము ఏ వైద్యములోను లేదు. వీరికి క్షయ సోకు అవకాశము కూడ ఎక్కువ. ఇవిగాక కట్టెల పొయ్యి పొగలో జీవితమంతయు వంట చేసిన స్త్రీలు, బీడీ, చుట్ట అలవాటుగల పురుషులు దీర్ఘకాల శ్వాసరోగమునకు గురియగుచున్నారు. వీరి పిల్లలలో అనేకులు హైదరాబాదు, బెంగుళూరులలో స్థిరపడినందున, వృద్ధులు ఒంటరిగానో, ఆశ్రమములలోనో ఉండుట సాధారణమైనది.

నేను చేసిన తప్పు

పలకల పనిలో యౌవనము గడిపిన ఒక వృద్ధుడు గిద్దలూరు సమీపమున ఒక ఆశ్రమములో ఉండెడివాడు. 2022లో ఆయనకు ఆసుపత్రి వైద్యులు ఆక్సిజన్ నిర్ణయించినారు. ఆశ్రమమువారు నన్ను సలహా అడిగినారు. శ్వాసరోగికి వ్యాయామము తగదని సుశ్రుతసంహితలో చెప్పబడినది. గురువుగారివద్ద కంఠస్థము చేసిన ఆ వాక్యమే నాకు జ్ఞాపకము వచ్చినది. "మంచము దిగవద్దు, పూర్తి విశ్రాంతి" అని చెప్పి వచ్చినాను.

ఆరు నెలల తరువాత మరల చూచితిని. ఆయన పిక్కలు చిక్కి చేతిపట్టు అయినవి. నిలబడుటకు ఇద్దరు పట్టుకొనవలసి వచ్చినది. మాట కూడ తగ్గినది. ఎట్లున్నదని అడుగగా, "అయ్యగారూ, గాలి బాగానే వస్తాంది. పలకరించే మనిషే రావడం లేదు" అన్నాడు. భోజనము గదికే పంపుచుండుటచే తోటివారిని చూచుటకు కూడ అవకాశము లేకపోయినది. ఇందులో ఆశ్రమమువారి దోషము లేదు. వారు నా మాట పాటించినారు.

ఇంటికి వచ్చి అదే అధ్యాయమును మరల చదివినాను. సుశ్రుతుని చికిత్సాస్థానము 24వ అధ్యాయములో శ్వాసరోగికి నిషేధింపబడినది శరీరమును అలయజేయు వ్యాయామము. అదే అధ్యాయములో, దేహమును మిక్కిలి బాధింపని నడకను "చంక్రమణము" అను పేరుతో వేరుగా చెప్పి, అది ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని పెంపొందించునని ప్రశంసించినాడు. ఒక వాక్యమును పట్టుకొని రెండవదానిని నేను విడిచితిని. నావంటి పొరపాటు ఎన్నో ఇళ్ళలో ప్రేమతోనే జరుగుచున్నది. "అమ్మా, నీవు కదలకు, అన్నీ మేము తెచ్చి ఇస్తాము" అనుట సేవయే గాని, దానివలన ఆమె కాళ్ళు పడిపోవును.

కదలకపోయిన ఏమగును?

పనిలేని కండరము త్వరగా క్షీణించును. బలహీనమైన కండరము అదే పనికి ఎక్కువ ఆక్సిజన్ కోరును. అందువలన ముందు పది అడుగులకు వచ్చిన ఆయాసము తరువాత రెండడుగులకే వచ్చును. ఆయాసమునకు భయపడి మనిషి మరింత కదలడు. ఇదియొక విషవలయము. దీనికి తోడు మలబద్ధకము, ఆకలి మందగించుట, నిద్రలేమి, పడక పుండ్లు, విచారము చేరును.

1980లో అమెరికాలోను, 1981లో బ్రిటన్‌లోను ప్రకటింపబడిన పరిశోధనలనుబట్టి, రక్తములో ఆక్సిజన్ బాగుగా తగ్గిన దీర్ఘకాల శ్వాసరోగులకు దినమునకు 15 గంటలు లేదా అంతకు మించి దానిని అందించిన ఆయుర్దాయము పెరుగుచున్నదని తేలినది. అమెరికా పరిశోధనలో నిరంతరము ఆక్సిజన్ తీసుకొనినవారికి వెంట తీసుకొనిపోగల పరికరములు కూడ ఇచ్చినారు. అనగా ఆ చికిత్స మొదలైననాడే రోగి తిరుగుచుండవలెనను ఆలోచన కలదు. అయితే ఆక్సిజన్ స్వల్పముగా మాత్రమే తగ్గినవారికి దానివలన ఆయుర్దాయము పెరుగలేదని 2016లో వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది. కావున ఆయాసమున్నదని ఎవరికి వారే యంత్రము అద్దెకు తెచ్చుకొనరాదు. ఊపిరితిత్తుల వైద్యుడు పరీక్షించి నిర్ణయింపవలెను.

యంత్రము గురించి తెలియవలసినవి

కాన్సంట్రేటర్ అను యంత్రము గాలిలోని నత్రజనిని పట్టి ఉంచి సుమారు 90 నుండి 95 శాతము ఆక్సిజన్‌ను అందించును. దీనికి విద్యుత్తు అవసరము. 350 వాట్ల యంత్రము 15 గంటలు నడచిన సుమారు 5 యూనిట్లు ఖర్చగును. కరెంటు పోయిన సమయమునకు నిండు సిలిండరు ఒకటి సిద్ధముగా నుండవలెను. బి-రకము సిలిండరులో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ పట్టును. నిమిషమునకు 2 లీటర్ల చొప్పున లెక్కించిన 12 గంటలు వచ్చును. అయినను చివరి వరకు వాడక 10 గంటలకే మార్చుకొనుట మంచిది.

ముక్కు గొట్టమునకు పొడిగింపు గొట్టమును కలిపిన మనిషి గదినుండి వరండా వరకు రాగలడు. యంత్రమును బట్టి మారినను, సామాన్యముగా మొత్తము పొడవు 15 మీటర్లకు మించరాదు. గొట్టము కాళ్ళ మధ్యనుండి పోక, ప్రక్కగా చేతితో పట్టుకొని నడచుట నేర్పవలెను. వృద్ధులు పడిపోవుటకు గొట్టము తట్టుకొనుట ఒక ముఖ్యకారణము. గొట్టముపై అక్కడక్కడ రంగు టేపు చుట్టిన చూపు మందగించినవారికి కూడ కనబడును. ఆవరణలో తిరుగుటకు చక్రముల బండిపై కట్టిన సిలిండరు చాలును. స్తోమత గలవారికి బ్యాటరీతో నడచు చిన్న యంత్రములు కూడ లభించుచున్నవి. వాటిలో కొన్ని శ్వాస తీసుకొనినప్పుడు మాత్రమే వాయువును వదలును. అవి అందరికి సరిపోవు గాన నడిపించి, కొలిచి చూచిన పిదపనే కొనవలెను.

నిమిషమునకు ఎన్ని లీటర్లు అనునది ఔషధ మాత్ర వంటిది. ఆయాసము వచ్చినదని ఇంటివారు దానిని పెంచరాదు. దీర్ఘకాల శ్వాసరోగులలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైన రక్తములో బొగ్గుపులుసు వాయువు పేరుకొని మత్తు, ఉదయమున తలనొప్పి, తికమక కలుగును. వీరికి ఆక్సిమీటరులో సాధారణముగా 88 నుండి 92 వరకు ఉండునట్లు వైద్యులు నిర్ణయింతురు. మీ రోగికి ఎంత ఉండవలెనో, నడచునప్పుడు ఎంత పెట్టవలెనో వైద్యునివద్ద వ్రాయించుకొని గోడకు అంటింపుడు.

నడిపించు క్రమము

వాగ్భటుడు బలవంతులకే అర్ధశక్తి వ్యాయామము చెప్పినాడు. రోగికి అందులోను తగ్గించి ప్రారంభింపవలెను. నడచుచు నాలుగు మాటల వాక్యము చెప్పగలిగిన అది తగిన నడక. మాట తెగిపోయిన ఆగవలెను. ముందుగా చికిత్స చేయు వైద్యుని అనుమతి తీసుకొని ఈ క్రమమును పాటింపుడు.

1. శ్వాస: ముక్కుతో రెండు అంకెలు లెక్కించునంతసేపు పీల్చి, వేడి పాలను ఊదునట్లు పెదవులు కుదించి నాలుగు అంకెలు లెక్కించునంతసేపు వదలవలెను. లేచుట, మెట్టు ఎక్కుట, బరువు ఎత్తుట వంటి శ్రమలో శ్వాసను వదలవలెను. బిగబట్టరాదు.

2. కూర్చుని లేచుట: చేతులున్న కుర్చీనుండి పూటకు ఐదుమార్లు. మంచమునుండి నేరుగా నడకకు పోవుటకన్న మొదటి వారము ఇది మేలు.

3. నడక: మొదట మంచమునుండి గుమ్మము వరకు, తరువాత వరండా వరకు, ఆ పిదప భోజనశాల వరకు. దారిలో ప్రతి పది అడుగులకు ఒక కుర్చీ ఉంచిన ధైర్యము కలుగును. దినమునకు రెండు మూడు మార్లు, మార్గమధ్యమున విశ్రాంతితో. దూరమును వారమునకు కొంచెముగా మాత్రమే పెంచవలెను.

4. ఆక్సిమీటరు: నడకకు ముందు, మధ్యలో, తరువాత చూడవలెను. గోళ్ళ రంగు తుడిచి, వ్రేలు చల్లగా నున్న రుద్ది పెట్టవలెను. వైద్యుడు చెప్పిన అంకెకన్న తగ్గిన కూర్చుండబెట్టవలెను.

5. స్నానము: పీటకు బదులు ఎత్తయిన స్టూలు, గోడకు పట్టుకొను కమ్మి, గడియ వేయని తలుపు ఉండవలెను. స్నానమందు కూడ గొట్టము ఉంచవలయునా అనునది వైద్యుని అడుగవలెను.

మన ప్రాంతములో కొన్ని గ్రామముల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీరు చిరకాలము త్రాగినవారికి నడుము, మోకాళ్ళు బిగిసియుండును. వారిని బలవంతముగా వంచరాదు. కుర్చీలో కూర్చుండి చేతులు, పాదములు ఆడించుటయు వ్యాయామమే.

నూనె, నిప్పు – ఇచ్చట మన వైద్యము కూడ ఆగవలెను

ఇది ఈ పత్రిక పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన విషయము. ఆక్సిజన్ తానుగా మండదు గాని, మండు వస్తువును అతివేగముగా మండించును. నెయ్యి, నూనె, వాసలీను, తైలములు దానికి ఇంధనములు. కావున:

– ఆక్సిజన్ వాడువారికి నూనెతో, నేతితో నస్యము చేయరాదు. అణుతైలమైనను సరే. ముక్కులో నెయ్యి, నీలగిరి తైలము, కర్పూరము గల లేపనములు పూయరాదు. ముక్కు ఎండిన, నీటితో తయారైన లేపనము లేదా ఉప్పునీటి చుక్కలు వైద్యుని సలహాపై వాడవలెను.

– పిక్కలకు, పాదములకు నువ్వులనూనె మర్దనము చేసిన యెడల, వేడినీటితో కడిగి, గుడ్డ మార్చి, చేతులు సబ్బుతో శుభ్రము చేసిన తరువాతనే గొట్టమును, సిలిండరు మూతిని తాకవలెను. ముఖమునకు, ఛాతీకి నూనె వలదు.

– దీపము, అగరువత్తి, కర్పూరహారతి, పొయ్యి కనీసము 10 అడుగుల దూరములో నుండవలెను. బీడీ, సిగరెట్టు ఆ గదిలో ఎవ్వరును ముట్టించరాదు. దీపావళినాడు వారిని లోపలనే కూర్చుండబెట్టి కిటికీలోనుండి చూపవలెను.

– సిలిండరును దొర్లిపోకుండ నిలువుగా గొలుసుతో కట్టవలెను. కారులో కదలకుండ బిగించి, అద్దములు కొంచెము తెరచియుంచవలెను.

ఇవి పాటించిన పూజకు, పండుగకు వారిని దూరము చేయనవసరము లేదు. హారతిని కన్నులకద్దుటకు పళ్ళెము వారివద్దకు తేక, దూరమునుండి చూపి, తీర్థప్రసాదములు అందింపుడు.

ఆహారము

కడుపు నిండిన ఊపిరితిత్తుల క్రింది పొర పైకి నెట్టబడి ఆయాసము పెరుగును. మూడు పూటల భోజనమును ఐదారు చిన్న భాగములుగా, వెచ్చగా, లఘువుగా ఇవ్వవలెను. పాతబియ్యపు జావ, పెసరకట్టు, మెత్తగా వండిన కొర్ర అన్నము, మన మెట్టపొలములలో పండు ఉలవల చారు మంచివి. చరకుడు శ్వాసరోగమునకు ఉలవకట్టును చెప్పియున్నాడు. కండరము పెరుగుటకు పప్పు, పాలు, అలవాటున్నవారికి గ్రుడ్డు తప్పక ఉండవలెను. చిటికెడు శొంఠి వేసి కాచిన గోరువెచ్చని నీరు కఫమును పలుచబరచును. రాత్రి పెరుగు, శీతల పానీయములు వలదు. గుండె నీరసముచే వైద్యుడు నీటికి పరిమితి పెట్టిన దానిని పాటింపవలెను. అతిమధురము దగ్గునకు మంచిదే గాని, రక్తపోటు ఉన్నవారు, మూత్రము జారీచేయు మాత్రలు వాడువారు దీర్ఘకాలము వాడరాదు. ఈ ఆహార ఔషధములలో ఏదియు ఆక్సిజన్‌కు, పీల్చు మందులకు ప్రత్యామ్నాయము కాదు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుట కూడ మరువరాదు.

నలుగురితో కలయిక

చరకసంహిత సూత్రస్థానము 15వ అధ్యాయములో శోధనచికిత్సకు ముందు గృహమును ఎట్లు సిద్ధపరచవలెనో వర్ణింపబడినది. ఆ గృహము ఈదురుగాలి తగులక, ఒకవైపు మాత్రము గాలి ఆడుచు, పొగ, ధూళి చొరక, సుఖముగా తిరుగాడుటకు అనువుగా నుండవలెనట. పరిచారకులతోపాటు పాటలు, వాద్యములు, శ్లోకములు, కథలు, ఇతిహాస పురాణములు తెలిసినవారు కూడ రోగి చెంత ఉండవలెనని ఆ ఆచార్యుడు చెప్పినాడు. అనగా మాటకారి మనిషిని కూడ ఔషధ సామగ్రితోపాటు లెక్కించినాడు.

మనము చేయదగినవి:

– భోజనము గదికి పంపక, పంక్తిలో కూర్చుండబెట్టుట. ముక్కు గొట్టమును చూచి తోటివారు జంకిన, అది అంటువ్యాధి గుర్తు కాదని అందరికి ఒకమారు వివరింపవలెను.

– యంత్రపు చప్పుడులో వృద్ధులకు మాట వినబడదు. దానిని గది బయట పెట్టి గొట్టమును లోపలికి తీయుడు. ప్రక్కన కూర్చుండి, ఒక్కరొక్కరుగా మాట్లాడుడు. ఆయాసమువలన వారు ఆగి ఆగి పలుకుదురు. వాక్యమును మనము పూర్తి చేయరాదు.

– పని అప్పగించుట. చిక్కుడుకాయలు ఈనెలు తీయుట, ఆకుకూర వలచుట, పూలమాల కట్టుట, వార్తాపత్రిక చదివి వినిపించుట కూర్చుండి చేయదగినవి.

– భజనలో గొంతు కలుపుట. పాట పాడుటలో శ్వాసను నిదానముగా వదలు అభ్యాసము సహజముగానే జరుగును.

– నెలకొకమారు బయటకు తీసుకొనిపోవుట. మార్కాపురం చెన్నకేశవస్వామి ఆలయము, కంభం చెరువు గట్టు వంటి పరిచిత ప్రదేశములకు, జనసమ్మర్దము లేని వేళ, రానుపోను సమయమునకు రెట్టింపు ఆక్సిజన్ వెంట ఉంచుకొని పోవచ్చును.

తల్లిదండ్రులను ఆశ్రమములో ఉంచిన పిల్లలు అచ్చట నాలుగు ప్రశ్నలు అడుగవలెను: దినమునకు ఎన్నిమార్లు నడిపించుచున్నారు? కరెంటు పోయిన ఏమి చేయుదురు? పంక్తిభోజనమునకు తీసుకొనిపోవుచున్నారా? రాత్రి ఆయాసము వచ్చిన ఎవరు చూతురు? ఫోనులో "ఆక్సిజన్ ఎంత ఉన్నది?" అని మాత్రమే గాక, "ఈ దినము ఎవరితో మాట్లాడినావు నాయనా?" అని కూడ అడుగుడు. వృద్ధుల సంరక్షణకై 2007లో చట్టము వచ్చినది. సహాయము కోరువారు 14567 అను నంబరుకు ఫోను చేయవచ్చును.

వెంటనే ఆసుపత్రికి

పెదవులు, గోళ్ళు నీలివర్ణమగుట, లేపిన లేవని మత్తు, తికమక మాటలు, ఛాతీనొప్పి, విశ్రాంతిలో కూడ ఆక్సిమీటరు వైద్యుడు చెప్పిన అంకెకు చేరకపోవుట, కఫము పసుపుపచ్చగా మారి జ్వరము వచ్చుట: వీటిలో ఏది కనబడినను గృహవైద్యముతో కాలయాపన చేయక 108కి ఫోను చేయవలెను.

పైన చెప్పిన వృద్ధుని విషయము తెలిపి ముగించెదను. వైద్యుల అనుమతితో ఆయనను కుర్చీలో కూర్చుండుటతో మొదలుపెట్టించితిమి. మూడు నెలలకు బండిపై సిలిండరుతో, ఇద్దరి సాయము లేక భోజనశాలకు వచ్చుచుండెను. ఊపిరితిత్తులు బాగుపడలేదు. అవి బాగుపడునవి కావు. ఆక్సిజన్ కూడ తగ్గలేదు. అయితే వంటమనిషి మనుమరాలికి సాయంత్రము వరండాలో పలకపై అక్షరములు దిద్దించుట ఆయన పనియైనది. ఆ పిల్ల రాని దినమున "ఏమాయె?" అని విచారించుటకు తానే లేచి వంటశాల వరకు నడచెడివాడు. విశ్రాంతి అని చెప్పి మంచమునకు కట్టివేసిన ఆ ఆరు నెలలను నేను ఆయనకు తిరిగి ఇవ్వలేను. ఈ వ్యాసము చదివినవారి ఇంట అట్టి ఆరు నెలలు వృథా కాకుండిన అంతియే చాలును.